భారతమాతకు నివేదితమైన జీవితము

ఒక మనుష్యుని ఒక జాతికి చెందినవానిగా జేయునది యేది? పుట్టిన నేలయా? తల్లి నేర్పిన భాషయా? దేహచ్ఛాయయా? కులమతములా? ఏకభాషయు ఏకమతమును గల చిన్న దేశములలో ఈ ప్రశ్న యంతగా పుట్టదు. అనేకభాషలు, అనేకమతములు, అనేకాచారములు ఒకే గొడుగు క్రింద వసించు భారతదేశమున నిది ప్రతి తరమునందును క్రొత్తగా తలయెత్తుచునే యుండును. 1950వ సంవత్సరము జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము దీనికి శాసనరూపమున సమాధానము చెప్పినది. మతమునుబట్టి గాని, జాతినిబట్టి గాని, కులమునుబట్టి గాని, స్త్రీపురుషభేదమునుబట్టి గాని, జన్మస్థలమునుబట్టి గాని రాజ్యము పౌరులయెడ వివక్ష చూపరాదని యది విధించినది. ఈ శాసనము పుట్టుటకు అర్ధశతాబ్దమునకు పూర్వమే, నేడు కోల్‌కతా యనబడు కలకత్తా నగరపు ఉత్తరభాగమున, బాగ్‌బజారులోని బోసుపాడా యను ఇఱుకుసందులో, ఒక విదేశవనిత తన జీవితముచేతనే ఇట్టి సమాధానమును వ్రాసియుంచెను. ఆమెయే సోదరి నివేదిత.

జననము, బాల్యము

నివేదిత పూర్వనామము మార్గరెట్ ఎలిజబెత్ నోబుల్. ఆమె 1867వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీన ఐర్లండులోని టైరోన్ మండలమునందలి డంగానన్ పట్టణమున జన్మించెను. తండ్రి సామ్యూల్ నోబుల్ క్రైస్తవ మతాచార్యుడు. పేదలసేవకై దేహమును లెక్కింపక పాటుపడి, ముప్పదినాలుగేండ్ల ప్రాయముననే మరణించెను. అప్పటికి మార్గరెట్టు పదేండ్ల బాలిక. మాతామహుడు హామిల్టను ఐర్లండు స్వపరిపాలనోద్యమమున పాల్గొన్నవాడు. ఈ విధముగా తండ్రివైపునుండి భగవద్భక్తియు, తల్లివైపునుండి స్వాతంత్ర్యప్రీతియు ఆమెకు సంక్రమించినవి. ఇంగ్లండులోని హాలిఫాక్సున విద్యనభ్యసించి, పదునేడేండ్లకే ఆమె ఉపాధ్యాయినిగా జీవితమారంభించెను. పెస్టలోజీ, ఫ్రోబెల్ అను విద్యావేత్తల మార్గము ననుసరించి, శిశువుల మనస్సు సహజముగా వికసించునట్లు బోధించుటయందామె గొప్ప నేర్పు సంపాదించెను. లండను చేరువనున్న వింబుల్డనులో సొంత పాఠశాలను నెలకొల్పి, విద్యావంతుల సమాజములలో పేరుగాంచెను.

అయినను ఆమె హృదయమునకు శాంతి లేదు. చిన్ననాట నేర్చిన మతవిశ్వాసములు యుక్తిముందు నిలువకపోయినవి. యుక్తియొక్కటే చాలక ఆత్మ తపించుచుండెను. ఇట్టి స్థితిలో 1895 నవంబరు మాసమున లండనులోని యొక గృహమున స్వామి వివేకానందుల ప్రసంగము వినుట తటస్థించెను. ఆమె వెంటనే అంగీకరించినది కాదు. అడుగడుగున ప్రశ్నించినది, శంకించినది, వాదించినది. ఆ శంకలనే స్వామి మెచ్చుకొనిరి. తర్కించి తర్కించి తుదకు లోబడిన బుద్ధి మరల చలింపదని వారెఱుగుదురు. భారతస్త్రీల విద్యకై తన దేశమున పనిచేయగల యొక వీరవనిత కావలెనని వారామెకు వ్రాసిరి. అచ్చటి దారిద్ర్యమును, మూఢాచారములను, అస్పృశ్యతను, మండు వేసవిని, తెల్లవారు చూపబోవు అనుమానమును, నల్లవారు చూపబోవు సంకోచమును ఏమాత్రమును దాచక తెలిపిరి. ఇన్ని హెచ్చరికలు వినియు ఆమె బయలుదేరెను. 1898 జనవరి 28వ తేదీన ఆమె యెక్కిన ఓడ కలకత్తా రేవు చేరినది. స్వామి స్వయముగా రేవునకు వచ్చి యామెను స్వాగతించిరి.

ఆ సంవత్సరము మార్చి 17వ తేదీన ఆమె శ్రీ శారదాదేవిని దర్శించెను. పల్లెటూర పుట్టి, సనాతనాచారములమధ్య పెరిగిన ఆ బ్రాహ్మణవితంతువు, పరదేశమునుండి వచ్చిన స్త్రీలను బిడ్డలుగా చేరదీసి వారితో కలసి ఫలహారము గైకొనిరి. నాటి సంఘమున నిది సామాన్యవిషయము కాదు. ఏ గ్రంథమును చదువక, ఏ సభలోను వాదింపక, ఆ మహామాత సమానత్వమను ధర్మమును ఒక్క పంక్తిభోజనముతో ఆచరించి చూపిరి. ఎనిమిది దినముల తర్వాత, మార్చి 25వ తేదీన, స్వామి మార్గరెట్టునకు బ్రహ్మచర్యదీక్ష నొసగి నివేదిత యను నామమిడిరి. భగవంతునికి అర్పింపబడినదని దాని యర్థము.

అల్మోడాలోని పరీక్ష

పేరు మాఱినంతనే మనిషి మాఱునా? దీక్ష పొందినంతనే పూర్వసంస్కారములు నశించునా? నివేదిత జీవితమున కఠినతమమైన ఘట్టము దీక్షకు పిమ్మటనే వచ్చినది. 1898 మే మాసమున స్వామి తమ శిష్యులతో హిమాలయప్రాంతమునకు వెడలిరి. ఆ బృందమున నివేదితయు, ఓలీ బుల్ పత్నియు, జోసఫీన్ మాక్లౌడును కలరు. దీక్షానంతరము నివేదితను స్వామి యొకనాడు, ఆమె యిప్పుడు ఏ జాతికి చెందినదని ప్రశ్నించిరి. ఆమె తాను బ్రిటిషు పతాకమునకు విధేయురాలనని సంకోచములేక చెప్పెను. ఒక హిందూస్త్రీ తన యిష్టదైవమును ఎంత భక్తితో చూచునో, తానా పతాకమును అంత భక్తితో చూచుచుంటినని ఆమెయే తర్వాతికాలమున వ్రాసికొన్నది. స్వామి ఆశ్చర్యపడిరి. భారతస్త్రీలకు విద్య చెప్పవచ్చిన యీమె, ఆ స్త్రీలను ఏలుచున్నవారి కన్నులతోనే వారిని చూచుచుండెనని వారు గ్రహించిరి.

అల్మోడాలో ప్రతి ఉదయమును జరుగు సంభాషణలు నివేదితకు అగ్నిపరీక్షలయ్యెను. ఆమె సత్యములని నమ్మియుండిన చరిత్ర, సాహిత్యము, సామాజికనీతులలో ఎన్ని కేవలము తన జాతియొక్క యభిమానములో స్వామి నిర్దయగా విప్పిచూపిరి. ఆమె యెదిరించెను, బాధపడెను. ప్రేమించు గురువు చేయూతనిచ్చునని వచ్చిన యామెకు, ఆ గురువే ఉదాసీనుడుగా, కొన్నియెడల విరోధిగా గోచరించెను. ఆయినను తిరిగిపోవుదమను తలంపు ఆమెకు రాలేదు. బృందములోని యొక పెద్దామె యీ బాధను చూడలేక స్వామికి విన్నవించెను. స్వామి మౌనముగా విని వెడలిరి. సాయంకాలమున తిరిగివచ్చి, ఆమె మాట నిజమనియు, తాను అడవికి ఏకాంతముగా పోయి, వచ్చునప్పుడు శాంతిని తెత్తుననియు పలికిరి. అంతలో ఆకాశమున విదియచంద్రుడు కనబడెను. మహమ్మదీయులు ఆ నెలవంకను మిక్కిలి గౌరవింతురని జ్ఞాపకము చేసి, తామును ఆ నెలవంకతోపాటు క్రొత్తజీవిత మారంభింతుమని చెప్పి, తన పాదములకడ మోకరిల్లిన శిష్యురాలిని చేతులెత్తి ఆశీర్వదించిరి.

పాఠకులీ ఘట్టమును నిదానముగా గమనింపదగును. ఒక హిందూసన్న్యాసి, క్రైస్తవకుటుంబమున పుట్టిన శిష్యురాలికి శాంతినొసగు క్షణమున మహమ్మదీయుల పవిత్రచిహ్నమును శుభశకునముగా గ్రహించిరి. ఆ వేసవియందే కాశ్మీరమున ఒక మహమ్మదీయుడగు పడవవాని నాలుగేండ్ల కూతురును ఉమాదేవిగా భావించి వారు పూజించిరి. నివేదిత భారతజాతీయతను నేర్చినది ఏ రాజకీయశాస్త్రమునుండియు గాదు, ఇట్టి దృశ్యములనుండియే. ఆమె విడిచిపెట్టవలసివచ్చినది ఇంగ్లండుపై ప్రేమను గాదు. ఒక జాతి మఱియొక జాతికి కొలబద్ద కాగలదను నమ్మకమును. అది పోయినపిదప ఆమె భారతదేశమును పైనుండి చూచుట మాని, లోపలినుండి చూడసాగెను.

బోసుపాడా సందు

1898 నవంబరులో నివేదిత కలకత్తాకు తిరిగివచ్చి, కొన్ని దినములు శ్రీ శారదాదేవి యింటనే నివసించెను. ఒక మ్లేచ్ఛస్త్రీని ఇంటనుంచుకొన్నందుకు మాతృదేవి పరివారము నిందకు గురికావచ్చునని తెలిసికొని, ఆమె తనంత తానే చేరువనున్న పదునారవ నంబరు ఇంటిని అద్దెకు తీసికొనెను. నవంబరు 13వ తేదీన, కాళీపూజదినమున, శ్రీ శారదాదేవి పూజచేసి ఆ యింట బాలికాపాఠశాలను ప్రారంభించిరి.

ఆ కాలమున బాగ్‌బజారులోని కుటుంబములు తమ బిడ్డలను తెల్లదొరసాని యింటికి పంపుట యెంత కష్టమో యూహింపవచ్చును. క్రైస్తవమతములో కలుపుకొనునని కొందఱు, ఆచారము చెడునని కొందఱు, ఆడపిల్లకు చదువెందుకని కొందఱు వెనుదీసిరి. నివేదిత ఇల్లిల్లును తిరిగి, గుమ్మములకడ నిలిచి వేడుకొనెను. ఆమె వంటయింటిలోనికి పోరాదు, నీటికుండను తాకరాదు. ఈ నియమములను ఆమె అవమానముగా తలంపలేదు. తానే అతిథినని యెంచి, గృహస్థుల మర్యాదను పాటించెను. బాలికలకు వంగభాషలోనే బోధించెను. కుట్టుపని, బొమ్మలుచేయుట, ముగ్గులువేయుట మొదలగు దేశీయకళలద్వారా చదువు నేర్పెను. ఒకసారి తరగతిలో భారతదేశమునకు రాణి యెవరని అడుగగా, పిల్లలు విక్టోరియా యని చెప్పిరట. ఆమె మిక్కిలి నొచ్చుకొని, సీతాసావిత్రుల దేశమున పుట్టిన బిడ్డలకు తమ రాణి యెవరో తెలియకపోయెనే యని విచారించెనని చెప్పుదురు. కొలది నెలలకు పూర్వము ఇంగ్లీషు పతాకమును దైవముగా నెంచిన స్త్రీయే యీమె!

1899 మార్చి మాసమున నగరమున మహామారి వ్యాపించినది. రామకృష్ణమిషను సేవాసంఘమును ఏర్పఱచి, స్వామి సదానందులను, నివేదితను దానికి నియోగించినది. సందులు మురికికూపములై యుండగా, పనివాండ్రు దొరకని యొకనాడు నివేదిత తానే చీపురు చేతబట్టి వీధిని ఊడ్వసాగెను. అరుగులపైనుండి చూచుచున్న యువకులు సిగ్గుపడి లేచివచ్చి ఆమెచేతి చీపురునందుకొనిరి. ఆ దినములలోనే డాక్టరు రాధాగోవిందకరు ఒక హృదయవిదారకదృశ్యమును చూచెను. పేదవాడలోని తేమనేలగల గుడిసెలో వ్యాధిగ్రస్తుడగు తల్లిలేని బాలుని ఒడిలోనుంచుకొని నివేదిత కూర్చుండియుండెను. వ్యాధి అంటునని వైద్యుడు హెచ్చరించినను ఆమె కదలలేదు. రాత్రింబగళ్ళు అచ్చటనే యుండి, గుడిసెగోడలకు తానే సున్నమువేసెను. బాలుడు ఆమెనే తల్లియనుకొని పిలుచుచు, ఆమె చేతులలో ప్రాణములు విడిచెను. తాకరాదని గృహిణులు దూరముగానుంచిన చేతులలోనే, ఎవరును తాకని బిడ్డకు ఆశ్రయము లభించినది.

కాలక్రమమున బాగ్‌బజారు మాఱినది. శ్రీరామకృష్ణులు తల్లిగా భావించిన గోపాలుని తల్లి, అనగా అఘోరమణీదేవి, జపమాలయే జగముగా బ్రదికిన నిష్ఠాగరిష్ఠయగు బ్రాహ్మణవృద్ధ. ఆమెయే వార్ధక్యమున నివేదిత యింటికివచ్చి, ఆమె సేవలు గైకొనుచు కడపటి యేండ్లను గడపి, 1906లో పరమపదించెను. ఆచారమును ఎవరును ధిక్కరింపలేదు. ప్రేమ ఆచారముకంటె పెద్దదని మాత్రము నిరూపితమైనది.

కఠిననిర్ణయము

పాఠశాలకు ధనము చాలక నివేదిత 1899లో పాశ్చాత్యదేశములకు వెళ్ళి, 1902లో తిరిగివచ్చెను. ఆ యేడు జులై 4వ తేదీన స్వామి వివేకానందులు మహాసమాధినందిరి. గురుని పోగొట్టుకొన్న పక్షము దినములకే ఆమె మఱియొక కఠిననిర్ణయము చేయవలసివచ్చినది. దేశస్వాతంత్ర్యము లేనిదే స్త్రీవిద్యయు, జాతివికాసమును అసంభవములని ఆమె తలంచెను. రామకృష్ణసంఘమో, రాజకీయములలో పాల్గొనరాదను నియమము గలది. ఇరుపక్షముల మార్గములును ధర్మబద్ధములే. కాని రెండును ఒకేచోట ఇముడవు. స్వామి బ్రహ్మానందులు మొదలగు పెద్దలతో సంప్రదించి, సంఘమునకు తనవలన ఆపద రాకుండుటకై, ఆమె సంఘముతోడి అధికారసంబంధమును విడిచి, ఆ విషయమును పత్రికలలో ప్రకటించెను. హృదయసంబంధము మాత్రము తెగలేదు. రామకృష్ణవివేకానందుల నివేదితగానే ఆమె తన్ను చెప్పుకొనెను; శ్రీ శారదాదేవికి ముద్దుబిడ్డగానే యుండెను; పాఠశాలను నడుపుచునే యుండెను. 1903 నుండి అమెరికాదేశస్థురాలగు సోదరి క్రిస్టీను తోడై, గృహిణులకును వితంతువులకును ప్రత్యేకముగా చదువుచెప్పు విభాగము ఏర్పడినది. అభిప్రాయభేదము వచ్చినచోట ద్వేషము రానక్కఱలేదని, నియమమును గౌరవించుచునే తనదారిన పోవచ్చునని ఈ ఘట్టము మనకు నేర్పుచున్నది.

సమానత్వమునకై పోరాటము

ఆ కాలమున విద్యాస్థానములందు సైతము వర్ణభేదము రాజ్యమేలుచుండెను. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో తెల్ల ఆచార్యులకిచ్చు వేతనమును భారతీయులకిచ్చెడివారు కారు. దీనికి నిరసనగా జగదీశచంద్రబోసు మూడేండ్లు జీతము ముట్టకయే బోధించి, తుదకు న్యాయము సాధించెను. విద్యుత్తరంగములపైనను, సజీవనిర్జీవపదార్థముల స్పందనముపైనను ఆయన చేసిన పరిశోధనలకు ఇంగ్లండున కొందఱు శాస్త్రజ్ఞులు అడ్డుతగిలినప్పుడు, నివేదిత ఆయనకు సోదరియై నిలిచెను. ఆయన గ్రంథములు వ్రాయుటలో, తీర్చిదిద్దుటలో గంటలకొలది శ్రమించెను, ధనసహాయమును సమకూర్చెను. 1917లో ఆయన స్థాపించిన విజ్ఞానమందిరద్వారమున దీపము చేతబట్టిన స్త్రీమూర్తి యొకటి చెక్కబడినది. అది నివేదిత స్మృతిచిహ్నము.

1905 ఫిబ్రవరి 11వ తేదీన కలకత్తా విశ్వవిద్యాలయపు పట్టప్రదానోత్సవమున గవర్నరుజనరలు కర్జనుప్రభువు, సత్యమునకు అత్యున్నతస్థాన మొసగినది పాశ్చాత్యులేయని, ప్రాచ్యులు కపటమునే మెచ్చుకొనిరని ధ్వనించునట్లు ప్రసంగించెను. సభలోని దేశీయులు అవమానభారముతో తలవంచుకొనిరి. నివేదిత కోపముతో కేకలు వేయలేదు. గ్రంథాలయమునుండి కర్జను తానే వ్రాసిన ప్రాచ్యదేశయాత్రాగ్రంథమును తెప్పించెను. కొరియాదేశమున వయోవృద్ధులకే గౌరవమని విని, తన వయస్సును హెచ్చించి చెప్పితినని ఆయనయే అందు వ్రాసికొనియుండెను. రెండుదినములలో ఆ ప్రసంగభాగమును, ఆ గ్రంథభాగమును అమృతబజారు పత్రికయందు ప్రక్కప్రక్కన ప్రకటితములయ్యెను. నగరమంతయు నవ్వినది. సత్యము ఏ జాతికిని గుత్తసొమ్ము కాదని లోకము తెలిసికొన్నది.

పరులయెడనేగాక, మనవారియెడను ఆమె సమానత్వముకొఱకు పోరాడెను. తమిళకవి సుబ్రహ్మణ్యభారతి కాంగ్రెసుమహాసభకై ఉత్తరదేశమునకు వచ్చి, ఆమెను దర్శించెను. భార్యను ఏల వెంటతీసికొనిరాలేదని ఆమె యడుగగా, మాలో అట్టి ఆచారము లేదని యాయన చెప్పెను. సగము జనులను చీకటిలోనుంచి మిగిలినసగము స్వాతంత్ర్యము పొందుట యెట్లని ఆమె నిలదీసెను. భార్యను తన దక్షిణహస్తముగా చూచుకొనుమని బోధించెను. ఆ కొలది నిమిషముల సమావేశము భారతి జీవితమును మార్చినది. తన దేశభక్తిగీతముల సంపుటమును ఆయన ఆమెను గురువుగా భావించి అంకితమొనర్చెను. ఐరిషువనితయొక్క మాట వంగభూమిలో పుట్టి, ద్రావిడకవి గీతమై దక్షిణాపథమున ప్రతిధ్వనించుట, జాతీయత యెట్లు పెరుగునో తెలుపు చక్కని నిదర్శనము.

అనేకత్వమున ఏకత్వము

భారతదేశము ఒక జాతి కాదు, బ్రిటిషువారి తపాలాలును రైళ్ళును దానికి కూర్చిన కృత్రిమైక్యమే యున్నదని ఆ కాలపు పాలకులు చెప్పెడివారు. నివేదిత ఈ వాదమును జీవితాంతమును ఖండించెను. కాశీనుండి రామేశ్వరమువఱకు నడచిన యాత్రికుల పాదములు, పల్లెపల్లెను చెప్పుకొను రామాయణభారతకథలు, ఒకరి సన్నిధికి మఱియొకరిని చేర్చిన పుణ్యక్షేత్రములు ఈ దేశమును రైళ్ళకు పూర్వమే యొకటిగా నేసినవని ఆమె సిద్ధాంతము. 1904లో వెలువడిన భారతజీవనవస్త్రమను ఆమె యాంగ్లగ్రంథమునకు ఆ పేరు సార్థకము. అందు శివునికొక ప్రకరణమును, భగవద్గీతకొక ప్రకరణమును, భారతదేశమునందలి ఇస్లామునకొక ప్రకరణమును ఆమె కేటాయించెను. ఆ వస్త్రమున ఏ పోగును పెఱికివేసినను నేత చెడునని గ్రంథనిర్మాణమే చెప్పుచున్నది.

ఆ గ్రంథమునకు ఆక్షేపణలు లేకపోలేదు. ఆమె హిందూగృహజీవనమునందలి వెలుగునే చూపినదని, కులవ్యవస్థయందలి క్రౌర్యమును తక్కువచేసి చెప్పినదని నాడును నేడును విమర్శకులు చెప్పుదురు. అందు కొంత నిజము కలదు. పరులు నిందించుచున్న దేశమును ప్రేమించినవారు ఒక్కొక్కప్పుడు దాని గాయములపై వస్త్రము కప్పుదురు. కాని ఆమె వ్రాతలనుమాత్రమే చూచువారు, వాడలలో చీపురుపట్టిన ఆమె చేతులను మఱచిపోరాదు.

రవీంద్రనాథఠాకూరు తన కుమార్తెకు ఇంగ్లీషు నేర్పుమని కోరినప్పుడు, ఆమె నిరాకరించినది. ఒక జాతి బిడ్డపై మఱియొక జాతి మర్యాదలను అతికించుట విద్య కాదని, బిడ్డలో సహజముగానున్న శక్తిని మేల్కొల్పుటయే విద్యయని ఆమె మతము. పెక్కు విషయములలో వారిరువురకును అభిప్రాయభేదములున్నను, ఠాకూరు ఆమెను లోకమాతగా గౌరవించెను. ఐరిషుదంపతులకు పుట్టియు, ఆ సంగతి తానెఱుగక పరమనైష్ఠికహిందువుగా పెరిగిన యువకుని కథయగు ఆయన గోరా నవలలో ఆమె ఛాయలున్నవని చదువరులు తలంతురు. జన్మరహస్యము తెలిసినపిదప గోరా, కులమతభేదములులేని భారతీయుడనైతినని గ్రహించుటతో ఆ నవల ముగియును.

కళలయందును ఆమె ఇట్టి ఐక్యమునే వెదకెను. పాశ్చాత్యచిత్రములను అనుకరించుట మాని స్వీయసంప్రదాయమును కనుగొనుమని అవనీంద్రనాథఠాకూరు శిష్యులను ఆమె ప్రోత్సహించెను. 1909లో హెరింగ్‌హాము దొరసాని అజంతాచిత్రములకు ప్రతులు వ్రాయించుటకు వచ్చినప్పుడు, నందలాలుబోసు, అసితకుమారహాల్దారు మొదలగు యువకులు అచ్చటికి వెళ్ళవలెనని పట్టుబట్టినది నివేదితయే. బౌద్ధగుహలలోని ఆ చిత్రములు వంగీయచిత్రకారుల చేతికి క్రొత్తజీవము నొసగినవి. ఆ కళాసంప్రదాయమే, 1910లో బందరున స్థాపితమైన ఆంధ్రజాతీయకళాశాలకు ప్రమోదకుమారచటర్జీ మూలమున చేరి, అడివి బాపిరాజు వంటి ఆంధ్రచిత్రకారులను తీర్చినది.

జాతికొక పతాక ముండవలెనని తలంచినవారిలో ఆమె ప్రథమగణ్య. 1904లో ఠాకూరు, బోసు మొదలగువారితో బుద్ధగయకు వెళ్ళినప్పుడు ఆమె మనస్సున వజ్రాయుధచిహ్నము నాటుకొన్నది. వజ్రము దధీచిమహర్షి ఎముకలనుండి పుట్టినది. తన్ను తాను పూర్తిగా అర్పించుకొన్నవానికే ఆ బలము సిద్ధించును. హిందువులకును బౌద్ధులకును అది సమానముగా పవిత్రము. ఆమె పాఠశాలబాలికలు కుట్టిన వజ్రపతాకము 1906 కలకత్తా కాంగ్రెసు ప్రదర్శనశాలలో ఉంచబడినది. ఆ పతాకము నిలువలేదు. ఆ తలంపు నిలిచినది. 1921లో బెజవాడయందు పింగళి వెంకయ్య గాంధీమహాత్మునకు సమర్పించిన పతాకమునుండి, 1947 జులై 22వ తేదీన రాజ్యాంగసభ అంగీకరించిన అశోకచక్రాంకితమైన త్రివర్ణపతాకమువఱకు ఆ అన్వేషణమే సాగినది.

తుదిదినములు

1905 అక్టోబరు 16వ తేదీన వంగవిభజనము జరిగినది. మఱుసటియేడు తూర్పువంగమున వఱదలును కఱవును కలిసివచ్చినవి. నివేదిత బారిసాలు ప్రాంతమున పడవలపైనను, మోకాలిలోతు బురదలోను ఊరూరు తిరిగెను. అచ్చటి రైతులలో పెక్కురు మహమ్మదీయులు. ఆకలిగొన్న యింటికి పోవునప్పుడు ఆమె ఎవరి మతమును అడుగలేదు. కఱవునకు కారణములను మాత్రము శ్రద్ధగా విచారించెను. వరిపండు పొలములు జనుమునకు మాఱుటవలన రైతు చేతికి రూపాయి వచ్చినను, ఇంట గాదె వట్టిపోయినదని ఆమె తన వ్యాసములలో విశదీకరించెను. తిరిగివచ్చినపిదప తీవ్రమైన జ్వరము ఆమె నావరించినది. అప్పటినుండి ఆమె దేహము మరల పూర్వబలమును పొందలేదు.

1911 శారదోత్సవములకు విశ్రాంతికై బోసుదంపతులతో దార్జిలింగు చేరిన ఆమెకు రక్తగ్రహణి సోకినది. అంత్యము సమీపించినదని గ్రహించి, తనకున్న స్వల్పధనమును, గ్రంథములపై వచ్చు ఆదాయమును భారతస్త్రీల జాతీయవిద్యకై బేలూరు మఠధర్మకర్తలకు వ్రాసియిచ్చెను. అక్టోబరు 13వ తేదీ ఉదయమున, నలుబదినాలుగేండ్లు నిండకముందే, ఆమె కన్నుమూసెను. హిందూపద్ధతిని దహనసంస్కారము జరిగినది. సర్వస్వమును భారతదేశమునకు సమర్పించినది ఇచ్చట విశ్రమించుచున్నదను అర్థముగల శాసనము ఆ సమాధిపై నేటికిని కలదు. ఆమె స్థాపించిన పాఠశాల రామకృష్ణశారదామిషను నిర్వహణలో బాగ్‌బజారున నేటికిని నడచుచున్నది. ఆమె వసించిన యిల్లు స్మారకభవనమై వెలసినది.

నివేదిత అజంతాకు పంపిన నందలాలుబోసుకే, నాలుగుదశాబ్దముల పిమ్మట, భారతరాజ్యాంగపు మూలప్రతి పుటలను చిత్రములతో అలంకరించు భాగ్యము లభించినది. శాంతినికేతనశిష్యులతో కలసి ఆయన ఆ పుటలపై మొహెంజోదారో వృషభమునుండి బుద్ధుడు, అక్బరు, గురుగోవిందుడు, గాంధీమహాత్ముడు మొదలగువారివఱకు ఈ దేశపు సుదీర్ఘయాత్రను చిత్రింపజేసెను. సమానత్వమును విధించు అక్షరములు లోపల, అనేకత్వమును చూపు చిత్రములు చుట్టును ఉండుట యెంత సమంజసము! బోసుపాడా సందులో ఆమె విత్తిన విత్తనములలో ఒకటి ఆ పుటలపై పుష్పించినదనుట అతిశయోక్తి కాదు.

జాతీయత రక్తమునుండి మాత్రమే పుట్టునదైనచో నివేదిత భారతీయురాలు కానేరదు. అది భాషనుండి మాత్రమే పుట్టునదైనను కానేరదు. ఆమె భారతీయురాలు కాదని చెప్పగల సాహసము నేడెవరికిని లేదు. అట్లయినచో, ఈ నేలపైననే పుట్టి, ఈ నీరే త్రాగి, వేఱుభాష మాటలాడుచు వేఱురీతి ప్రార్థించు మన పొరుగువానిని పరాయివాడని యెట్లనగలము? తన పతాకమును, తన జాత్యభిమానమును, తన సుఖమును వదలుకొని వచ్చిన యొక స్త్రీ మనలను తనవారిగా చేసికొనెను. పుట్టుకచేతనే కలసియున్నవారము ఒకరినొకరము మనవారిగా చేసికొనుటకు అంతటి త్యాగమైనను అక్కఱలేదు. కొంచెము వినయము చాలును. అల్మోడాకొండపై ఆ నెలవంకవెలుగున ఆమె నేర్చిన పాఠము మనయిండ్లలో, మనవీధులలో ఆచరింపబడిననాడే ఆమె నామము పూర్తిగా సార్థకమగును.